ఉగ్గుగిన్నె, డబ్బా, ఐదు ప్రశ్నలు

పోయిన ఏడాది గుంటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నాకు ఆపరేషన్ చేసి పాపను తీశారు. ఆ రాత్రి నర్సు వచ్చి, ఒక చీటీ మీద డబ్బాపాల పేరు రాసి మా ఆయన చేతిలో పెట్టింది. "మేడంకి పాలు పడేదాకా ఇది పట్టండి సార్, కింద మందుల షాపులో దొరుకుతుంది." ఆయన వెళ్ళి తెచ్చాడు. అప్పటికి నాకు కుట్ల నొప్పి తప్ప ఇంకేమీ తెలియడం లేదు.

తెల్లారాక గదిలో పంచాయతీ మొదలైంది. మా అమ్మమ్మ చిలకలూరిపేట దగ్గర పల్లెటూరి మనిషి. "పాలు పడతాయే, కంగారెందుకు? బిడ్డను రొమ్ముకి పెట్టు, అదే పడుతుంది" అంది. మా అమ్మేమో, "నీకు మూడో నెల నుంచి డబ్బాపాలే పట్టాం. నువ్వు ఇంజనీరువి కాలేదా?" అంది. ఫోన్లో మా ఫ్రెండు ఒక్క చుక్క డబ్బాపాలు పట్టినా పాపం చేసినట్టే మాట్లాడింది. అందరూ చివర్లో ఒకే మాట: "నీ ఇష్టం."

ఆ 'నీ ఇష్టం' అన్న మాట దగ్గరే ఆగిపోయాను. నా ఉద్యోగంలో ఒక అలవాటుంది. ఏదైనా తేడా వస్తే ఎవరిది తప్పు అని కాకుండా, ఇది ఎక్కడ మొదలైందని లాగ్‌లు వెనక్కి చదువుకుంటూ పోతాం. సెలవులో, పాప నిద్రపోయే ఆ గంటా రెండు గంటల్లో, నేను చేసింది అదే. ఈ నల్లరేగడి నేలలో చంటిబిడ్డకి ఏ పాలు పట్టాలన్నది ఎప్పుడు, ఎవరి ఇష్టమైంది?

డబ్బా రాకముందు అంతా తల్లిపాలే, అంతా సవ్యమే అని అనుకుంటాం. అలా ఏమీ లేదు. గేదె ఈనితే జున్ను కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూసే ఊళ్ళలోనే, తల్లికి మొదట వచ్చే ముర్రుపాలను మాత్రం పిండి పారబోసేవాళ్ళు. చిక్కగా, పచ్చగా ఉంటాయి కాబట్టి బిడ్డకి అరగవని నమ్మకం. దానికి పాత శాస్త్రం దన్ను కూడా ఉంది. మూడు నాలుగు రాత్రులు గడిచాకే తల్లికి పాలు వస్తాయనీ, అందాకా తేనె, నెయ్యి పట్టమనీ సుశ్రుత సంహిత చెబుతుంది. అంటే "పాలు పడేదాకా ఇంకేదో పట్టండి" అన్న చీటీ మా నర్సు కనిపెట్టింది కాదు. చాలా పాతది. చీటీ మీద పేరే మారింది.

ఆ 'ఇంకేదో' పట్టడానికి ఉన్న పనిముట్టు ఉగ్గుగిన్నె. ముక్కు ఉన్న చిన్న గిన్నె, ఇత్తడిదో వెండిదో. తల్లిపాలలో ఆముదం కలిపి ఉగ్గు పోసేవాళ్ళు. 'ఉగ్గుపాలతో వచ్చిన విద్య' అని మనం ఇప్పటికీ అంటుంటాం. తల్లి పురిట్లోనే పోతే ఆ గిన్నెలోకి ఆవుపాలో మేకపాలో వచ్చేవి. రొమ్ము కుడవకుండా ఇలా పెరిగే పాలకి తెలుగులో మంచి మాటే ఉంది: పోతపాలు. కలిగినవాళ్ళ ఇళ్ళలో దాదులు ఉండేవాళ్ళు. వాళ్ళ సొంత బిడ్డలు ఏం తాగారో ఎవరూ రాసిపెట్టలేదు. గాడిదపాలు అమ్మేవాళ్ళు మన వీధుల్లో ఇప్పటికీ కనిపిస్తారు. చిన్న మూతెడు పాలు, దగ్గుకీ ఆయాసానికీ మంచిదని. కొవ్వూ మాంసకృత్తులూ తక్కువ, చక్కెర ఎక్కువ ఉండటంలో గాడిదపాలు తల్లిపాలకి దగ్గరే. కానీ పచ్చిపాలు పచ్చిపాలే, వాటితో పాటు రోగమూ రావచ్చు.

కాన్పు ఇంట్లోంచి బయటికి రావడం గుంటూరులో ఒక మనిషితో మొదలైంది. అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ ఆనా సారా కూగ్లర్ 1883లో ఇక్కడికి వచ్చింది. 1898లో ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆస్పత్రి తెరిచింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ఇప్పటికీ పెద్దవాళ్ళు దాన్ని కూగ్లర్ ఆస్పత్రి అనే అంటారు. మంత్రసాని చేతుల్లోంచి పురుడు తెల్లకోటు చేతుల్లోకి వెళ్ళే దారి అక్కడ మొదలైంది. ఆ దారిలో ఎంతమంది తల్లులు బతికారో తలుచుకుంటే దాన్ని తేలిగ్గా మాట్లాడలేం. కానీ బిడ్డకి ఎప్పుడు, ఎంత, ఏది పట్టాలన్న మాట కూడా మెల్లగా అదే చేతుల్లోకి వెళ్ళింది.

అదే కాలంలో యూరప్‌లో డబ్బా పుట్టింది. 1860లలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ శిశువుల ఆహారానికి ఒక ఫార్ములా తయారుచేశాడు. 1867లో స్విట్జర్లాండ్‌లో హెన్రీ నెస్లే పాలు, గోధుమపిండి, చక్కెర కలిపిన పొడి అమ్మడం మొదలుపెట్టాడు. తల్లిపాలు అందని బిడ్డల కోసమే మొదలైన సరుకు అది. న్యూజిలాండ్ పాలపొడితో ఎదిగిన గ్లాక్సో 1924లో బొంబాయిలో ఏజెన్సీ పెట్టింది. అక్కడినుంచి అది తెలుగు భాషలోకే వచ్చేసింది. బొద్దుగా ఉన్న పిల్లల్ని మా అమ్మ తరంవాళ్ళు 'గ్లాక్సో బేబీ' అనేవాళ్ళు. ఆ తర్వాత 'అమూల్ బేబీ' వచ్చింది. ఉగ్గుపాల నుంచి అమూల్ బేబీ దాకా మన సామెతలు వరసగా పెట్టి చూస్తే చాలు, సగం చరిత్ర అందులోనే ఉంది.

దీనికి ఎదురుగా తెలుగులో ఇంకో గొంతూ ఉంది. గుంటూరులో 1906లో పుట్టిన డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ బెజవాడలో వైద్యం చేస్తూ 'ప్రసూతి – శిశుపోషణ' అనే పుస్తకం తెలుగులో రాసింది. 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకి వెళ్ళిన మనిషి. డాక్టర్ చెప్పేది తల్లి తన భాషలో చదువుకోగలగాలి అనుకున్న తరం అది.

అమూల్ సంగతి ఇంకొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే డబ్బాని విదేశీ కుట్రగా మాత్రమే చూస్తే కథ సగమే అర్థమవుతుంది. గేదెపాలని పొడి చెయ్యడం కుదరదని అప్పట్లో పాశ్చాత్య నిపుణుల మాట. ఆణంద్‌లో దలాయా అనే ఇంజనీరు చేసి చూపించాడు. 1955లో నెహ్రూ ప్రారంభించిన ఆ డెయిరీకి, గేదెపాలతో శిశువులకి సరిపడే పొడిని ఎలా చెయ్యాలో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్ఐ) తేల్చి ఇచ్చింది. బయటినుంచి డబ్బాలు తెచ్చుకోవడానికి విదేశీ మారకం లేని రోజులవి. అందుకే డబ్బాపాలు మన దగ్గరికి స్వదేశీ గర్వంతో పాటు వచ్చాయి. గేదెపాల సీమ అయిన గుంటూరుకి అందులో పరాయితనం ఏమీ కనిపించలేదు.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకి నీళ్ళు వదిలారు. కుడి కాలువ కింద గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పంటలు మారాయి, 70ల తర్వాత పత్తీ మిర్చీ ఊళ్ళని కమ్మేశాయి. ఒకే పొలం రెండు రకాల తల్లుల్ని తయారుచేసింది. డబ్బు చూసిన రైతుల ఇళ్ళలో ఆడవాళ్ళు పొలం మానేసి గడప లోపలికి వచ్చారు. వంటింటి అరలో డబ్బా ఒక హోదా అయింది. మా ఇంట్లో నా పాలడబ్బా ఖాళీ అయ్యాక అందులో కారం పోశారు. ఇప్పటికీ ఉంది, మూత మాత్రం తుప్పుపట్టింది.

రెండో రకం తల్లులు ఆ కారం వెనక ఉన్నారు. మిరపకాయ కోతలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా. పడమటి ప్రకాశం నుంచి, కర్నూలు వైపు నుంచి ముఠాలు ముఠాలుగా కూలీలు దిగుతారు, చంటిబిడ్డల్ని చంకనేసుకుని. వేసవి సెలవులకి అమ్మమ్మ ఊరెళ్ళినప్పుడు నేను చూసిన దృశ్యం ఇది: తుమ్మచెట్టు కొమ్మకి చీర ఉయ్యాల, అందులో గుక్కపెట్టి ఏడుస్తున్న బిడ్డ. తల్లి సాలు మధ్యలోంచి పరుగున వచ్చి, ముందు చేతులు మజ్జిగతో కడిగి, ఆ తర్వాత సబ్బుతో కడిగి, అయినా బిడ్డని అరచేతులతో ముట్టుకోకుండా మోచేతుల మీద ఎత్తుకుంది. మిరపకాయ కోసిన చేతుల మంట కడిగినంతమాత్రాన పోదు. ఆ చేతులతో రొమ్ము తాకితే బిడ్డ నోరు కాలుతుంది. పావుగంట అయ్యేసరికి మేస్త్రీ కేకేశాడు. కిలోకింత అని కూలి. బిడ్డ తాగే ప్రతి నిమిషం తూకంలో కనపడుతుంది.

ఇప్పుడు ఆ తల్లికి "తల్లిపాలు అమృతం" అని చెప్పి చూడండి.

ఆమెకి పాలు లేక కాదు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) ఇంకా కూనూరులో ఉన్న రోజుల్లోనే, 1950లలో, డాక్టర్ సి. గోపాలన్ పేద తల్లుల పాలను కొలిచి చూశాడు. సరైన తిండి లేని తల్లులు కూడా రోజుకి దాదాపు అర లీటరు పాలు, నెలల తరబడి ఇస్తూనే ఉన్నారు. తమ ఒంట్లో నిల్వలు కరిగించుకుని. ఆమెకి తక్కువైంది టైము. ఆ టైము తక్కువైన చోటే డబ్బా దూరింది. నెలకి సరిపడా కొనే స్తోమత లేని ఇంట్లో అది పల్చబడింది. చెంచా పొడికి గ్లాసు నీళ్ళు, కాలవ నీళ్ళు, కడగని సీసా. ఆ తర్వాత విరేచనాలు.

ప్రపంచమంతా ఇదే జరుగుతోంది అప్పుడు. 1939లోనే సింగపూర్ రోటరీ క్లబ్బులో డాక్టర్ సిసిలీ విలియమ్స్ దీన్ని హత్య అనే మాటతో పిలిచింది. 1974లో లండన్‌లోని 'వార్ ఆన్ వాంట్' సంస్థ 'ది బేబీ కిల్లర్' అనే చిన్న పుస్తకం వేసింది. 1977లో అమెరికాలో నెస్లే బహిష్కరణ మొదలైంది. 1981 మే నెలలో జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సభలో ఇందిరాగాంధీ ప్రసంగించారు, అదే సభల్లో డబ్బాపాల అమ్మకాల మీద అంతర్జాతీయ నియమావళి ఓటుకి వచ్చింది. 118 దేశాలు సరే అన్నాయి. వద్దన్నది ఒక్క అమెరికా.

మన దేశం ఇందులో చాలా దేశాలకన్నా ముందుకెళ్ళింది. 1983లో జాతీయ నియమావళి, 1992లో చట్టం, 1993 ఆగస్టు 1 నుంచి అమలు, 2003లో ఇంకా గట్టి సవరణ. డబ్బాపాలకి, పాలసీసాలకి ప్రకటనలు ఇవ్వకూడదు. శాంపిళ్ళు పంచకూడదు. ఆస్పత్రుల ద్వారా ప్రచారం చెయ్యకూడదు. డబ్బా మీద తల్లిదో బిడ్డదో బొమ్మ ఉండకూడదు. గ్లాక్సో బేబీలాంటి బొమ్మని తీసేసింది ఈ చట్టమే. ఇరవై పైచిలుకేళ్ళ తర్వాత నా మంచం పక్కకి ఒక చీటీ ఎలా వచ్చిందన్నది వేరే కథ.

ఇక్కడ ఎవరికైనా ఒక అనుమానం రావాలి. 80ల మధ్యలో తెల్లదోమ వచ్చి పత్తి మీద పురుగుమందుల వాన కురిసిన సీమ కదా ఇది. ఇక్కడి తల్లిపాలు మాత్రం అంత స్వచ్ఛంగా ఉంటాయా? ఉండవు. డీడీటీ లాంటివి కొవ్వులో పేరుకుని పాలలోకి వస్తాయి. కానీ 1993లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశంలో అమ్ముతున్న 20 బ్రాండ్ల డబ్బాపాలు, 186 నమూనాలు పరీక్షించిన ఫలితాలు బయటపెడితే, సుమారు 70 శాతంలో డీడీటీ, 94 శాతంలో హెచ్‌సీహెచ్ కనిపించాయి. చేలో కొట్టిన మందు పశువు మేతలోంచి డబ్బాలోకి కూడా వచ్చింది.

నీళ్ళ సంగతి ఇంకా పెద్దది. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల్లో బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎంత ఉందో వంకర తిరిగిన కాళ్ళే చెబుతాయి. తల్లి ఆ నీళ్ళే తాగినా ఆమె పాలలోకి ఫ్లోరైడ్ చాలా కొంచెమే వస్తుంది. ఆమె శరీరం వడకట్టేస్తుంది. అవే నీళ్ళతో కలిపిన డబ్బాపాలలో ఫ్లోరైడ్ మొత్తం బిడ్డకి చేరుతుంది. మరిగిస్తే తగ్గదు సరికదా, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

ఇంతవరకూ చదివితే తల్లిపాలే అన్నిటికీ జవాబు అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, 2000ల నాటి హెచ్ఐవీ కథ చదివేదాకా.

ఆ దశకంలో దేశంలో హెచ్ఐవీ తీవ్రంగా ఉన్న రాష్ట్రాల్లో మనది ముందు వరసలో ఉండేది. గుంటూరు, ప్రకాశం జిల్లాలు తీవ్రత ఎక్కువున్న జిల్లాల జాబితాలో ఉన్నాయి. గర్భిణికి రక్తపరీక్ష, పాజిటివ్ వస్తే కాన్పు సమయంలో నెవిరపిన్ మాత్ర, బిడ్డకి ఒక డోసు. ఆ తర్వాత కౌన్సెలింగ్ గదిలో ఆమెని అడిగే ప్రశ్న ఇదే: మీ పాలిస్తారా, పోతపాలు పడతారా?

ఒకవైపు తన పాలతోనే బిడ్డకి వైరస్ వెళ్ళే ప్రమాదం. ఇంకోవైపు పల్చటి డబ్బాపాలతో, మురికి నీళ్ళతో బిడ్డ పోయే ప్రమాదం. రెండూ కలిపి పడితే అన్నిటికన్నా చెడ్డది. కొన్నాళ్ళు తల్లిపాలు, మధ్యమధ్య పోతపాలు తాగిన బిడ్డలకన్నా తల్లిపాలు మాత్రమే తాగిన బిడ్డలకి వైరస్ తక్కువగా సోకిందని దక్షిణాఫ్రికాలోని డర్బన్ పరిశోధకులు 1999లో చూపించారు. కానీ మన ఇళ్ళలో అత్తగారు ఉగ్గు పోయకుండా, పక్కింటామె తేనె నాకించకుండా బిడ్డ పెరగడం ఎక్కడైనా ఉందా? పైగా పల్లెలో బాలింత రొమ్ము ఇవ్వకపోతే ఎందుకని అడుగుతారు. భర్తకి కూడా చెప్పుకోలేని జబ్బుని ఒక డబ్బా ఊరంతటికీ చెప్పేస్తుంది. మా అమ్మ వంటింటి అరలో హోదాగా నిలబడిన వస్తువే, ఇరవై ఏళ్ళు తిరగకుండానే ఇంకో తల్లి చీరల మడతల్లో దాచుకోవాల్సిన వస్తువైంది.

ఆ గదిలో కౌన్సెలర్లు వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన కొలబద్ద ఒకటుంది. పోతపాలు పట్టమని చెప్పే ముందు ఐదు ప్రశ్నలు అడగాలి. మీ ఇంట్లో, ఊళ్ళో దీన్ని ఒప్పుకుంటారా? రాత్రీ పగలూ కలిపి పట్టే టైమూ మనిషీ ఉన్నాయా? కొనగలరా? నెలల తరబడి ఆగకుండా దొరుకుతుందా? నీళ్ళు, సీసా శుభ్రంగా ఉంటాయా? ఐదిటికీ అవునని వస్తేనే డబ్బా. ఒక్కటి కాదన్నా తల్లిపాలే మేలు.

తర్వాత మందులు మెరుగుపడి ఆ చిక్కుముడి చాలావరకు విడిపోయింది. 2014 జనవరి నుంచి మన దేశంలో పాజిటివ్ అని తేలిన ప్రతి గర్భిణికీ జీవితాంతం ఏఆర్‌టీ మందులు ఇస్తున్నారు. మందులు వాడుతూ మొదటి ఆరు నెలలూ తన పాలు మాత్రమే ఇవ్వమంటారు. తల్లి పాలిచ్చినా బిడ్డకి సోకే అవకాశం ఐదు శాతం లోపుకి దిగుతుంది.

నన్ను కదిలించింది మాత్రం ఆ ఐదు ప్రశ్నలు. ఈ నేలమీద పోతపాల చరిత్ర మొత్తంలో, ఒక తల్లిని కూర్చోబెట్టి, ఆమె ఇల్లూ నీళ్ళూ డబ్బూ టైమూ ఏమిటని అడిగిన చోటు నాకు అదొక్కటే కనిపించింది. ప్రకటనలు అడగలేదు. "అమృతం" పోస్టర్లు అడగలేదు. నా మంచం దగ్గరకొచ్చిన చీటీ కూడా అడగలేదు. అందరూ నీ ఇష్టం అన్నారు, ఆ ఇష్టానికి ఏమేం కావాలో లెక్క చెప్పలేదు.

కాబట్టి ఆ ప్రశ్నలు తల్లిపాలకి కూడా వెయ్యాలనుకుంటున్నాను. తల్లిపాలు ఊరికే వస్తాయని అంటాం. రెండు మూడు గంటలకోసారి, రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, ఒక మనిషి పని మానుకుని కూర్చుంటేనే వస్తాయి. నాకు 2017 సవరణ పుణ్యమాని 26 వారాల జీతంతో సెలవు వచ్చింది. చట్టం ప్రకారం బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా ఆఫీసులో పాలివ్వడానికి రోజుకి రెండు విరామాలు నా హక్కు. మిర్చి చేలో కూలికొచ్చిన తల్లికి ఈ చట్టం వర్తించదు. మాతృవందన పథకం కింద మొదటి కాన్పుకి ఆమెకి వచ్చేది 5,000 రూపాయలు. దాన్ని 26 వారాలకి పంచితే రోజుకి ఇరవై ఎనిమిది రూపాయలు కూడా రాదు. ఉపాధి హామీ పనిలో అయితే చిన్నపిల్లలు ఐదుగురుంటే వాళ్ళని చూసుకోవడానికి ఒకామెని పెట్టాలని చట్టంలోనే రాశారు. అంటే ప్రభుత్వానికి విషయం తెలుసు. మిరపచేలోకి ఆ తెలివిడి రాలేదు, అంతే.

ఆస్పత్రి సంగతీ అంతే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లు. తెలంగాణలో 60కి పైనే. కోత కోసిన తల్లిని లేపి కూర్చోబెట్టి, బిడ్డని పట్టుకుని సాయం చేసే మనిషి లేకపోతే మొదటి గంటలో పాలు పట్టడం అయ్యే పని కాదు. అదే సర్వేలో దేశం మొత్తం మీద పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన బిడ్డలు 42 శాతం లోపే. అక్కడ కావల్సింది ఒక నర్సు అరగంట. ఆ అరగంట కన్నా చీటీ రాయడం చవక.

మా సంగతి చెప్పి ముగిస్తాను. మూడో రోజు పాలు పడ్డాయి. అమ్మమ్మ గెలిచింది. రెండో వారంలో నాకు జ్వరం వచ్చి, పాప బరువు పెరగక, డాక్టరు చెప్పిన మీదట పది రోజులు డబ్బాపాలు కలిపి పట్టాం. అమ్మ గెలిచింది. మాకు ఫిల్టరు నీళ్ళున్నాయి, గ్యాసుంది, డబ్బా కొనే జీతముంది, రాత్రి లేచే మా ఆయన ఉన్నాడు. ఐదిటికీ అవునని చెప్పగలిగాను కాబట్టి నాది నిజంగానే నా ఇష్టమైంది. ఆ పది రోజులూ సీసా వద్దని, గిన్నెతో పట్టమని డాక్టరే చెప్పింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల వార్డుల్లో ఇప్పుడు ముక్కున్న చిన్న స్టీలు గిన్నెతోనే పాలు పడుతున్నారు, సీసాకన్నా కడగడం తేలిక కాబట్టి. అమ్మమ్మ చూసి, "ఇదేంటే, ఉగ్గుగిన్నెకి ఇంగ్లీషు పేరు పెట్టారా?" అంది.

వచ్చే నెల నా సెలవు అయిపోతుంది. అప్పటికి అమ్మమ్మ ఊళ్ళో మిరప కోతలు మొదలవుతాయి, ముఠాలు దిగుతాయి. మామయ్యతో ఒక మాట అనుకున్నాను. ఈసారి కోతల్లో చంటిబిడ్డ తల్లులకి కిలో లెక్క కాకుండా రోజుకూలీ ఇవ్వమని, కళ్ళం పక్కన నీడకి ఒక పందిరి వేయించి, పిల్లల్ని చూసుకోవడానికి ఒక ముసలామెని పెట్టమని. "ఒక్క చేలో పెడితే ఏమొస్తుందే?" అన్నాడు. ఇంకా ఒప్పుకోలేదు. అడుగుతూనే ఉన్నాను.